పాత వాద్యాన్ని స్టేజీ ఎక్కించే ముందు అది ఎలా చెడుతుందో చూడండి

ఈమధ్య మా బ్యాండ్‌లో ఒకటే గొడవ. కీబోర్డు వాయించే కుర్రాడికి వాళ్ళ గురువుగారు తన పాత మినీమూగ్ సింథ్ (కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు) ఇచ్చేశారు, 1970లలో తయారైన అసలు మోడల్ డి. ఇక వాడు దాన్ని షోకి తెస్తానంటాడు, మిగిలినవాళ్ళలో సగం మంది తెమ్మంటారు, సగం మంది వద్దంటారు. వాదన ఎటు తిరిగినా చివరికి వచ్చి ఆగేది ఒకే చోట: "దాని ఖరీదెంతో తెలుసా?" తెమ్మనేవాళ్ళకీ అదే ఆయుధం, వద్దనేవాళ్ళకీ అదే ఆయుధం. అంత విలువైనది కాబట్టి నలుగురికీ వినిపించాలని ఒకరు, అంత విలువైనది కాబట్టి గడప దాటించకూడదని ఇంకొకరు.

నాకు మాత్రం ఖరీదు ఇందులో పెద్ద విషయంగా అనిపించడం లేదు. పాత గిటారో, ఆంపో (గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే యాంప్లిఫైయర్), సింథో, ఏదైనా సరే, స్టేజీ మీదికి తేవాలా వద్దా అనేది రెండు ప్రశ్నలతో తేలిపోతుందని నా వాదన. అది చెడితే ఎలా చెడుతుంది? చెడినప్పుడు ఆ దెబ్బ ఎవరి మీద పడుతుంది? ఈ లెక్కన చూస్తే చాలా పాత గిటార్లు నిశ్చింతగా స్టేజీ ఎక్కొచ్చు, వాటిలో పదో వంతు ధర చేయని పాత కీబోర్డులు చాలావరకు ఇంట్లో ఉండటమే మంచిది. వినడానికి తలకిందుల మాటలా ఉంటుందని తెలుసు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కింద నిల్చున్నవాళ్ళకి తెలుస్తుందా

పాత వాద్యానికీ కొత్తదానికీ తేడా వాళ్ళకి తెలీదు. దీని మీద నాకు పెద్దగా అనుమానం లేదు. వయొలిన్ వాళ్ళు ఈ విషయాన్ని మనకంటే చాలా ముందే పరీక్ష పెట్టి చూసుకున్నారు. 2010లో ఇండియానాపోలిస్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరుగుతున్నప్పుడు క్లోడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 21 మంది వాద్యకారులకు కళ్ళు కనబడకుండా వెల్డింగ్ గాగుల్స్ తగిలించి ఆరు వయొలిన్లు చేతికిచ్చింది. మూడు కొత్తవి, మిగతా మూడు దాదాపు మూడు వందల ఏళ్ళ నాటి పేరుమోసిన ఇటలీ వయొలిన్లు: రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒకటి గ్వార్నేరి. ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్తదాన్ని, అన్నిటికంటే తక్కువ మార్కులు పడింది ఒక స్ట్రాడ్‌కి. హోటల్ గదిలో వాయిస్తే ఏం తెలుస్తుంది, హాల్లో వాయించమనండి అని చాలామంది దెప్పారు. హాల్లోనూ చేశారు. పారిస్‌లో 55 మంది, న్యూయార్క్‌లో 82 మంది శ్రోతలతో చేసిన పరీక్షల ఫలితాలు 2017లో వచ్చాయి. కొత్త వయొలిన్ల నాదమే హాల్లో బాగా వినపడుతోందని, అవే బాగున్నాయని శ్రోతలు చెప్పారు, ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేకపోయారు.

మైకు లేకుండా నేరుగా చెవికి చేరే వాద్యం సంగతే ఇలా ఉంటే, మన ఎలక్ట్రిక్ సంగతి చెప్పేదేముంది. పాత పికప్ (తీగల కదలికను పట్టుకునే భాగం) నుంచి బయల్దేరిన శబ్దం పెడళ్ళు దాటి, ఆంప్ దాటి, స్పీకర్ ముందు పెట్టిన ఎస్ఎం57 మైకులోకి దూరి, మిక్సర్లో ఇంజనీర్ కింద కొంచెం కోసి పైన కొంచెం పెంచి, హాలు గోడలకి కొట్టుకుని జనం చెవిన పడేసరికి అది 1959దో నిన్న మొన్నటిదో చెప్పగలిగేవాడెవడు? మా గిటారిస్టు వాదన ఇదే, అందులో తప్పేమీ లేదు.

కానీ దాన్నుంచి "అందుకని తేవద్దు" అనే దగ్గరికి వెళ్ళడమే నాకు మింగుడుపడదు. జనానికి తెలియనివి స్టేజీ మీద ఎన్ని చేయం? బేసు తీగల్ని వేళ్ళతో మీటాలా పిక్‌తో మీటాలా అని మా బేసిస్టు వారాల తరబడి తర్జనభర్జన పడతాడు. ఏది ఎంచుకున్నాడో వినేవాడికి తెలియదు, కానీ దానివల్ల వాడు వాయించే తీరు మారుతుంది, ఆ మారిన తీరు మాత్రం అందరికీ తెలుస్తుంది. పాత వాద్యానికి కూడా ఏదైనా సమర్థన ఉంటే అది వాయించేవాడి చేతిలోనే ఉండాలి.

అయితే ఇక్కడ ముల్లు ఒకటుంది. ఇండియానాపోలిస్‌లో గాగుల్స్ పెట్టుకున్నది శ్రోతలు కాదు, వాద్యకారులు. వాళ్ళ చేతులకీ తేడా తెలియలేదు. "చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది" అనే మాట నేనూ చాలాసార్లు అన్నవాడినే, ఆ పరీక్ష గురించి చదివాక ఆ మాట అనబుద్ధి కావడం లేదు.

ఆ గిటార్లు కొన్నప్పుడు వింటేజ్ కావు

మరి స్టేజీ మీద పాత గిటారు పట్టుకున్నవాళ్ళంతా భ్రమలో ఉన్నట్టేనా? నాకలా అనిపించదు. చేతికి తెలిసేది వాద్యం వయసు కాదనుకుంటాను, దానితో ఉన్న పరిచయం. ఆ పరీక్షలో ఎవరికీ తమ సొంత వయొలిన్ ఇవ్వలేదు కదా, అన్నీ కాసేపటి పరిచయాలే.

మనం ఉదాహరణగా చెప్పుకునే గిటార్లనే తీసుకోండి. అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ "ట్రిగ్గర్" అని పిలుచుకునేది 1969లో కొన్న మార్టిన్ ఎన్-20, నైలాన్ తీగల గిటారు. అలాంటి గిటార్లకు పిక్ తగలకుండా కాపాడే ప్లేటు ఉండదు, ఆయనేమో పిక్‌తోనే వాయిస్తాడు, ఏళ్ళ తరబడి గీసుకుని గీసుకుని చెక్కకి ఇంకో చిల్లు పడింది. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలహర్ తన 1961 స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఎలక్ట్రిక్ గిటారును 1963లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒకసారి దొంగలెత్తుకుపోతే వానలో నానుతూ గుంటలో దొరికింది. ఆయన పోయేనాటికి దాని మీద రంగు కంటే చెక్కే ఎక్కువ కనబడేది. ఆ గిటారు 2024లో వేలంలో అమ్ముడై ఐర్లండ్ నేషనల్ మ్యూజియంకి వెళ్ళింది. ఎరిక్ క్లాప్టన్ గిటారు "బ్లాకీ" కథైతే ఇంకా విచిత్రం. 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాట్లు అరడజను కొని, మూడు స్నేహితులకు పంచిపెట్టి, మిగిలిన మూడింటిని విప్పేసి బాగున్న భాగాలన్నీ కలిపి ఒక గిటారు చేసుకున్నాడు. 1950ల నాటి స్ట్రాట్లను అలా విడగొడితే ఇప్పుడు మనవాళ్ళు ఊరుకుంటారా! అప్పుడవి ఎవరికీ పెద్దగా పట్టని పాత సామాను. 2004లో అదే గిటారు వేలంలో దాదాపు 9,60,000 డాలర్లు పలికింది.

వీళ్ళెవరూ విలువైన వస్తువును స్టేజీ ఎక్కించలేదు. మామూలు గిటారును ఎక్కించారు, రోజూ వాయించారు, విలువ తర్వాత వచ్చింది. కాబట్టి "విల్లీ నెల్సన్ తీసుకెళ్ళడం లేదా" అని, మొన్ననే సేకరణ కోసం కొన్న గిటారును వ్యాను ఎక్కించేవాళ్ళకి ఆ ఉదాహరణ పనికిరాదు. ఇరవయ్యేళ్ళుగా మీ ఒళ్ళో ఉన్న గిటారైతే తీసుకెళ్ళండి. అది మీ చేతులకి తెలుసు. మొన్న కొన్నదైతే అది మీకు కొత్త గిటారే, తయారైన ఏడాది ఏదైతేనేం.

చెడటంలో రకాలు

ఇక నా అసలు పాయింట్.

గిటారు మెల్లగా, కనబడేలా చెడుతుంది. ఫ్రెట్లు (మెడ మీది లోహపు మెట్లు) అరుగుతున్నాయంటే నెలల ముందే తెలుస్తుంది. వాల్యూమ్ నాబ్ గరగరలాడితే పదిసార్లు అటూ ఇటూ తిప్పి ఆ షో గట్టెక్కొచ్చు. తీగ తెగితే పక్కన స్టాండు మీదున్న రెండో గిటారు అందుకుంటే సరి, ఆ పల్లవి అయ్యేలోపు మళ్ళీ అందరితో కలిసిపోవచ్చు. మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్ 2014లో కొన్న 1959 లెస్ పాల్ గిటారు, అంతకుముందు పీటర్ గ్రీన్ చేతిలోనూ గ్యారీ మూర్ చేతిలోనూ ఉన్నది, ఇప్పుడు స్టేడియంలలో మోగుతోందంటే దాని వెనక పెద్ద సాహసమేమీ లేదు. ఆ గిటారు ఇవాళ మొరాయించినా పాట ఆగదు.

పాత కీబోర్డు అలా కాదు. అది పొద్దున బాగుంటుంది, సౌండ్ చెక్‌లో బాగుంటుంది, మూడో పాటలో శ్రుతి తప్పుతుంది. మినీమూగ్‌నే చూడండి. శ్రుతి నిలబడాలంటే లోపల స్వరం పుట్టించే ఆసిలేటర్లు వేడెక్కి కుదురుకోవాలి, అందుకు అరగంట అయినా ఇవ్వడం మంచిది. తర్వాతి రోజుల్లో ఆసిలేటర్ బోర్డు మార్చారు, అవి కొంత నయం. సరే, మరి ముందు బ్యాండ్ దిగి మనం ఎక్కడానికి మధ్య దొరికేదెంత? పావుగంట. అందులో డ్రమ్స్ మార్చుకోవాలి, లైన్లు చూసుకోవాలి. అప్పటిదాకా చల్లగా పక్కన పడున్న పెట్టెని ప్లగ్గు పెట్టి, నెత్తిన లైట్లు వెలిగించి, ఇక శ్రుతిలో ఉండమంటే ఎలా ఉంటుంది? పైగా దానికి మెమరీ లేదు. ఏ సౌండ్ కావాలన్నా పాటకీ పాటకీ మధ్య చీకట్లో నాబ్‌లన్నీ ఒక్కొక్కటీ తిప్పి పెట్టుకోవాలి. (1978లో ప్రాఫెట్-5 అనే సింథ్ వచ్చి 40 సౌండ్లు గుర్తుపెట్టుకుంటానంటే కీబోర్డు వాళ్ళు ఎందుకంత సంబరపడ్డారో స్టేజీ మీద నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.)

శ్రుతి తప్పిన కీబోర్డు శిక్ష కీబోర్డు వాయించేవాడికి పడితే నాకే అభ్యంతరమూ లేదు. అది పడేది గాయని మీద. ఒక ఓపెన్ ఎయిర్ షోలో మా కంటే ముందు వాయించిన బ్యాండ్‌ వాళ్ళు పాత టోన్‌వీల్ ఆర్గన్ తెచ్చారు. హామండ్ తరహా ఆర్గన్లలో చక్రాలు తిప్పే మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకుని తిరుగుతుంది, అంటే వాద్యం శ్రుతి కరెంటు చేతిలో ఉంటుంది. 50 హెర్ట్జ్ రావాల్సిన చోట 49 వస్తే మూడో వంతు సెమీటోన్ కిందికి దిగిపోతుంది. ఆ రోజు కరెంటంతా జనరేటర్‌ది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగినప్పుడల్లా జనరేటర్ ఒక్క క్షణం మూలిగేది, ఆర్గన్ కిందికి జారేది. గాయని చెవి మంచిది, పాపం ఆ మంచి చెవే ఆవిడ కొంప ముంచింది. ఆర్గన్‌తో పాటు తనూ కిందికి దిగింది, ఈలోపు జనరేటర్ తేరుకుని ఆర్గన్ పైకి వచ్చేసింది, గిటార్లు ఎప్పట్లాగే ఉన్నాయి, మధ్యలో ఆవిడ ఒక్కతే ఎటూ కాకుండా మిగిలిపోయింది. నా పక్కన నిల్చున్న ఒకాయన "ఆర్గన్ భలే ఉంది, అమ్మాయే శ్రుతిలో లేదు" అన్నాడు. నేను వివరించబోయాను, అంత గోలలో ఏం వినపడుతుంది.

పాత ఎలక్ట్రానిక్స్ అంతటినీ ఒకే గాటన కట్టేస్తున్నానని అనుకోకండి, అందులోనూ తేడాలున్నాయి. టేపు మీద ప్రతిధ్వని పుట్టించే టేప్ ఎకో ఆగిపోతే పాట కొంచెం ఎండిపోయినట్టు వినిపిస్తుంది, అంతే, పాట నడుస్తుంది. గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే పాత జెర్మేనియం ఫజ్ పెడల్ స్టేజీ వేడికి తిక్కతిక్కగా మోగితే కాలితో ఒక్క తొక్కు తొక్కి పక్కన పెట్టొచ్చు. (ఇంకోటి, ఆ పెడల్‌కి ముందు వైర్‌లెస్ పెట్టారంటే అది ఎంత పాతదైనా దండగ. దానికి గిటారు పికప్ నేరుగా తగలాలి.) కాబట్టి అది ఆగితే పాట ఆగుతుందా, నేను ఇబ్బంది పడితే సరిపోతుందా లేక నా పక్కవాడు ఇబ్బంది పడాలా అని అడిగి చూసుకుంటే దేన్ని తేవచ్చో చాలావరకు తేలిపోతుంది.

విడిభాగాలు దొరకవనే భయం ఇప్పుడు కొంత పాతబడిన మాట. ఎన్నో సింథ్‌లకు గుండెకాయ లాంటి కర్టిస్ 3340 చిప్‌ని 2016లో మళ్ళీ తయారు చేయడం మొదలుపెట్టారు, జూనో-106 అనే సింథ్‌లో తరచూ పోయే వాయిస్ చిప్‌లకు బదులుగా కొత్తవి చేసి అమ్మేవాళ్ళున్నారు. బాగు చేసుకోవచ్చు, నిజమే. షోకి ఇరవై నిమిషాల ముందు చేసుకోలేం, అదే చిక్కు.

మా కుర్రాడితో తేల్చిందీ ఇదే. మినీమూగ్ రికార్డింగులకు వస్తుంది, అందులో చేసిన సౌండ్లను శాంపిల్ చేసి (అంటే రికార్డు చేసి పెట్టుకుని) స్టేజీ మీద కొత్త కీబోర్డులో వాడతాడు. మనకంటే ముందు ఇంకో బ్యాండ్ లేని రోజున, ఒకే ఒక్క పాటకి తెస్తానన్నాడు. ఆ ఒక్క పాట ఏదో ఇంకా తేలలేదు, అది మళ్ళీ ఇంకో గొడవ.

ఆంప్ దగ్గర నేను కొంచెం కటువు

పాత ఆంప్‌ను ఇంట్లో ఉంచమంటాను, ముఖ్యంగా మాస్టర్ వాల్యూమ్ లేని వంద వాట్ల రకాన్ని. అది బాగా మోగేది గట్టిగా మోగినప్పుడే. సౌండ్ చెక్‌లో ఇంజనీర్ అనే మొదటి మాట "బాస్, కొంచెం తగ్గించండి". తగ్గిస్తారు. అతను ఇంకోసారి అంటాడు, ఇంకోసారి తగ్గిస్తారు. నాబ్ రెండు దగ్గరికి వచ్చేసరికి మీరు నలుగురి నడుములు విరగ్గొట్టి మోయించుకొచ్చిన ఆ ఆంప్ మామూలు ఆంప్ లాగానే మోగుతుంది. వినయంగా అడిగిన ఇంజనీర్ మీద కోపం మిగులుతుంది. దానికంటే ఇంట్లో దాన్ని కావలసినంత గట్టిగా మోగించి, కెంపర్ లాంటి యంత్రంలో ప్రొఫైల్ (ఆ ఆంప్ మోత నకలు) తీసుకుని, ఆ ప్రొఫైల్‌తో వెళ్ళడం మేలు. గిటారుకి లేని ఈ వెసులుబాటు ఆంప్‌కి ఎందుకంటే, వాయిస్తున్నంతసేపూ మీ చేతులు ఉండేది గిటారు మీద. ఆంప్‌ని మీరు ముట్టుకోరు.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు: వెనక ఆంప్ మోగుతుంటే గిటారు తీగలు దానికి స్పందిస్తాయి, ఫీడ్‌బ్యాక్ పుడుతుంది, అది ప్రొఫైల్‌లో రాదు. ఒప్పుకుంటాను. ఫీడ్‌బ్యాక్ మీదే పాట కట్టుకున్నవాళ్ళకి నా సలహా వర్తించదు. కానీ అలాంటివాళ్ళు ఎందరు?

ఇంకో సంగతి ఉంది, ఇందులో వాదనకి తావు లేదు. పాత ఆంపుల్లో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. ఒక చేత్తో గిటారు తీగలు, పెదవులకి మైకు, రెండింటి మధ్య వోల్టేజీ తేడా ఉంటే కరెంటు మనిషిలోంచి పోతుంది. 1972లో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వే స్వాన్సీలో స్టేజీ మీద ఎర్త్ సరిగ్గా లేని మైకు పట్టుకుని షాక్ కొట్టి చనిపోయాడు. మూడు పిన్నుల తీగ వేయిస్తే "ఒరిజినల్" పోతుందని వెనకాడేవాళ్ళని చూశాను. ఆ ఆంప్‌ని స్టేజీకే కాదు, ఇంట్లో కూడా ఆన్ చేయకూడదు.

పోతుందనే భయం

దొంగతనం భయం ఉండాల్సిందే, కానీ అది స్టేజీ మీద పెట్టుకునే భయం కాదు. పాల్ మెకార్ట్‌నీ 1961 హాఫ్నర్ బేసు 1972లో లండన్‌లో ఒక వ్యానులోంచి పోయింది. అరవై మందో అరవై వేల మందో చూస్తుండగా పోలేదు. ఏళ్ళ తరబడి ఒక ఇంటి అటక మీద పడుండి చివరికి ఆయన దగ్గరికి చేరిందని 2024లో బయటపడింది. యో-యో మా 1999లో తన 1733 నాటి మాంటన్యానా చెల్లోని టాక్సీలో మర్చిపోయాడు, అదృష్టం కొద్దీ ఆ రోజే దొరికింది. అదే ఏడాది సోనిక్ యూత్ వాళ్ళ సామాను లారీ మొత్తం ఎత్తుకుపోయారు. అందులో గిటార్లు చాలావరకు పెద్ద ఖరీదైనవి కావు, కానీ ఒక్కోదాన్నీ ఒక్కో పాట కోసం మార్చుకుని, వేరే శ్రుతిలో కట్టుకున్నవి. గిటారు పోతే పాట కూడా పోయినట్టే. ఖరీదు కొలబద్ద కాదని నేను మొదట్నుంచీ అంటున్నది ఇందుకే.

సరే, ఇంట్లోనో గోదాములోనో పెడితే భద్రమా? 2010 మేలో కంబర్లాండ్ నది పొంగి నాష్‌విల్‌లో సౌండ్‌చెక్ అనే చోట నీళ్ళొచ్చాయి. ఊళ్ళో పేరున్న సంగీతకారులందరూ గిటార్లు, ఆంపులు దాచుకునే చోటు అది. ఎన్నో పాత వాద్యాలు ఆ నీళ్ళలో నానిపోయాయి.

దేశాలు దాటి వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. పాత అకూస్టిక్ గిటార్లలో వెనకా పక్కలా అదే చెక్క వాడినవి చాలా ఉన్నాయి. కాగితాలు లేకుండా సరిహద్దు దగ్గర పట్టుబడితే గిటారు అక్కడే ఉండిపోవచ్చు. అలాంటిదాన్ని నేనైతే విమానం ఎక్కించను.

దెబ్బతిన్న గిటారంత హాయి లేదు

మాకు తెలిసిన ఒక గిటారిస్టు ఉన్నాడు. చాలా మంచి పాత గిటారు, దాని మీద ఒక్క గీత కూడా లేదు. ఇంట్లో వాయిస్తుంటే ఒళ్ళంతా ఊగుతుంది. స్టేజీ మీద అతన్ని చూడాలి. గాయకుడి మైకు స్టాండుకి రెండు అడుగులు దూరంగా నిలబడతాడు, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై కొస) ఎక్కడ తగులుతుందోనని. డ్రమ్మర్ వైపు తిరగాలంటే ముందు వెనక్కి చూసి, అప్పుడు మెల్లగా తిరుగుతాడు. పాట అయిపోగానే జనం చప్పట్లు కొడుతుంటే అతని కళ్ళు స్టాండు మీద ఉంటాయి. వాయించినదంతా సరిగ్గానే ఉంటుంది, ఒక్క స్వరం తప్పదు, కానీ అది ఇంట్లో విన్న మనిషి వాయించినట్టు ఉండదు. దీనికంటే మామూలు గిటారుతో వస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

నా గిటారుకి ఆ బాధ తీరిపోయింది. ఒక రిహార్సల్‌లో ఎవరి కాలికో కేబుల్ చుట్టుకుని స్టాండుతో సహా బోర్లా పడి హెడ్‌స్టాక్ విరిగింది. వెనక్కి వంగి ఉండే హెడ్‌స్టాక్ ఉన్న గిటార్లన్నిటికీ అదే బలహీనమైన చోటు. లోపల రాడ్‌ని తిప్పే నట్టు కోసం అక్కడే చెక్క తొలిచి ఉంటారు కూడా. బాగుచేసినాయన జిగురు పెట్టి, క్లాంపులు బిగించి, వారం తర్వాత ఇచ్చేటప్పుడు "వాయించడానికి ఏ లోటూ లేదు, అమ్మబోతే మాత్రం సగం ధర మర్చిపోండి" అన్నాడు. అమ్మేది ఎవరు? ఆ రోజు నుంచి దాన్ని ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తున్నాను. బొటనవేలు పైకి జరిపితే అతుకు గీత సన్నగా తగులుతుంది, ఇప్పుడది అలవాటైపోయింది.

స్టేజీ కోసం పాత గిటారు కొందామనుకునేవాళ్ళకి నేను ఇచ్చే సలహా కూడా ఇదే. మళ్ళీ రంగు వేసినది, మెడ అతికించినది, పికప్‌లు మార్చినది వెతకండి. సేకరించేవాళ్ళు వాటివైపు కన్నెత్తి చూడరు కాబట్టి ధర దిగి ఉంటుంది. చెక్క అదే చెక్క, వయసు అదే వయసు. పాడవుతుందేమోననే టెన్షన్ ఇంతకుముందు ఉన్నాయనతోనే పోయింది.

ఒక్కటి మాత్రం నాకు తేలలేదు

నాకు ఎదురయ్యే వాదనల్లో నేను సరిగ్గా జవాబు చెప్పలేనిది ఒకటుంది. వాయించిన కొద్దీ వాద్యం కొంచెం కొంచెంగా మారిపోతుంది. ఫ్రెట్లు మారతాయి, నట్ మారుతుంది, నాబ్‌లు మారతాయి, రంగు పోతుంది. అందరూ వాయిస్తూ పోతే, అసలు అది మొదట ఎలా ఉండేదో రాబోయే తరాలకి తెలిసేదెలా? ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో 1716 నాటి మెస్సయా స్ట్రాడివేరియస్ ఉంది. దాన్ని దాదాపు ఎవరూ వాయించరు, అందుకే ఇవాళ చేసినట్టుగా ఉంటుంది, వయొలిన్లు తయారుచేసేవాళ్ళు దాన్ని చూసి కొలతలు నేర్చుకున్నారు. అందరూ రోరీ గాలహర్‌లైతే అలాంటిది ఒక్కటి కూడా మిగలదు.

ఇటలీలోని జెనోవా నగరం మధ్యేమార్గం పట్టుకుంది. వయొలిన్ విద్వాంసుడు పగనీని తన గ్వార్నేరిని ఆ ఊరికి రాసిచ్చి పోతే, దాన్ని భద్రంగా ఉంచుతూనే అప్పుడప్పుడు ఎంచుకున్న వాద్యకారుల చేత కచేరీల్లో వాయింపిస్తారు. ఇంకో వైపు, అమెరికాలోని మిల్వాకీలో 2014లో వయొలినిస్టు ఫ్రాంక్ ఆల్మండ్ కచేరీ ముగించుకుని వస్తుంటే షాక్ కొట్టించే గన్‌తో పడగొట్టి 1715 నాటి లిపిన్స్కీ స్ట్రాడ్‌ను ఎత్తుకుపోయారు. అది ఆయన సొంతం కూడా కాదు, వాయించమని యజమాని ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే దొరికింది, ఆయన మళ్ళీ దాంతోనే కచేరీలు చేశాడు. యజమాని వెనక్కి తీసేసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. నేనైతే ఏం చేసేవాడినో చెప్పలేను.

ముట్టుకోకుండా ఉంచాల్సినవి ప్రతి రకంలోనూ కొన్ని ఉండాలని ఒప్పుకుంటాను. మీ దగ్గర రంగు, స్క్రూలు, సోల్డరింగ్, కేసు అన్నీ ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉన్నదేదైనా ఉంటే, దాన్ని అలాగే ఉంచి ఇంకోటి వాయించండి, నాకేం అభ్యంతరం లేదు. మనలో చాలామంది దగ్గరున్నవి ఆ బాపతు కావు. ఎవరో ఎప్పుడో పికప్ మార్చినవి, నాబ్‌లు పోగొట్టినవి, అతికించినవి. వచ్చే షోకి నా అతుకుల గిటారు వస్తుంది, తోడుగా ఒక మామూలు గిటారు స్టాండు మీద ఉంటుంది, ఆంప్ ఇంట్లోనే.